నాలుగో వాక్యం

ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. మొత్తం నాలుగు వాక్యాలు.

తాను అబిడ్స్‌లోని గోపాలరావు డీటీపీ సెంటర్‌లో ఇరవై ఆరేళ్లుగా టైపిస్టునని మొదటిది. పరిశోధక విద్యార్థి సాయిచైతన్య థీసిస్‌ను తానే టైపు చేశానని రెండోది. తన కంప్యూటర్‌లో ఉన్న ఒక పాత థీసిస్ ఫైలు నుంచి పదకొండు పేజీలు పొరపాటున ఇందులో కలిసిపోయాయని మూడోది. మొదటి రెండూ నిజం. మూడోది అబద్ధం, కానీ జిప్పోరా దానికి కూడా పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. నాంపల్లి కోర్టు ముందు కూర్చున్న రోజుల్లో ఇంతకంటే పెద్ద అబద్ధాలు టైపు చేసింది.

నాలుగో వాక్యం దగ్గర ఆగింది. తెలుగులో చెబితే అది ఇలా ఉంటుంది: నాకు ఈ సబ్జెక్టులో ఎలాంటి పరిజ్ఞానమూ లేనందువల్ల ఆ పొరపాటును గుర్తించలేకపోయాను.

"ఇగో ఈ ఒక్కటి తీసెయ్యరాదా సార్?" అంది.

ఎదురుగా కుర్చీలో ఉన్న డాక్టర్ రత్నాకర్ మెడలోని ఐడీ కార్డు సవరించుకున్నాడు. ఆయన సాయిచైతన్యకు గైడు. పన్నెండేళ్ల కింద ఇదే కుర్చీలో కూర్చుని తన థీసిస్ టైపు చేయించుకున్నవాడు. ఆ పాత థీసిస్ ఆయనదే.

"అక్కా, ఆ ఒక్కదాని కోసమే ఉత్తరం," అన్నాడు.

*

జిప్పోరా తండ్రి ప్రభుదాస్ మెదక్ వైపు ఒక మిషన్ దవాఖానలో కాంపౌండరు. రక్తపరీక్షలు కూడా ఆయనే చూసేవాడు. సెలవు రోజుల్లో కూతుర్ని స్టూలు మీద నిలబెట్టి మైక్రోస్కోపులోకి చూడమనేవాడు. మలేరియా ఉన్న రక్తంలో ఎర్రకణాల లోపల ఉంగరాల్లాంటివి కనిపించేవి. "ఏం కనబడ్డది?" అని అడిగేవాడు. ఆమె చెప్పిన జవాబు కాగితం మీద రాసుకుని, తాను చూసినదానితో పోల్చుకునేవాడు. ఆ వయసులో తన మాటను కాగితం మీద పెట్టిన మనిషి ఆయనొక్కడే.

హైదరాబాద్‌లో ఆమె బీఎస్సీ రెండో ఏడు చదువుతుండగా ఆయన పోయాడు. చదువు ఆగింది. చెల్లెలు మాబెల్ నర్సింగ్ పూర్తి చేయాలంటే ఎవరో ఒకరు సంపాదించాలి. నాంపల్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి జిప్పోరా టైపు లోయరూ హయ్యరూ, ఆ తర్వాత షార్ట్‌హ్యాండూ పాసయింది. ఎనిమిదేళ్లు కోర్టు ముందు టార్పాలిన్ కింద అఫిడవిట్లు కొట్టింది. ఆ తర్వాత గోపాలరావు కంప్యూటర్లు పెట్టి మనుషుల కోసం చూస్తున్నాడని తెలిసి పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆ మేడ మెట్లెక్కింది. కింద మెట్ల దగ్గర భూమయ్య రబ్బరు స్టాంపులు చేసేవాడు, పైన వీళ్ల సెంటరు. అక్కడే ఉండిపోయింది.

ఆ సందులో థీసిస్‌లు చేసే చోట్లు ఐదారున్నాయి. ఎవరొచ్చినా మిగతా చోట్ల మొదటి ప్రశ్న ఒకటే, ఎన్ని పేజీలు అని. జిప్పోరా మాత్రం "ఏం సబ్జెక్టు?" అని అడిగేది. జంతుశాస్త్రమో మైక్రోబయాలజీయో అయితే కుర్చీ దగ్గరికి లాక్కునేది. స్కాలర్లు తెచ్చిన కాగితాల్లో పేరాకు పేరాకు పొంతన ఉండదు. ఆమె వాళ్లు తెచ్చిన పరిశోధన పేపర్లన్నీ చదివేది. అర్థం కాకపోతే ఆదివారం చర్చి నుంచి అటే వచ్చి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో కణజీవశాస్త్రం వెతికేది. ఏ మెడికల్ స్టూడెంటో అమ్మేసిన పుస్తకం, పేరు కొట్టేసి ఉండేది. అదే కొనుక్కుని తన మాటల్లో నోట్సు రాసుకునేది, రూళ్ల నోట్‌బుక్కుల్లో, షార్ట్‌హ్యాండ్‌లో. త్వరగా రాయడానికి ఆమెకు అదొక్కటే వచ్చు. అలాంటి నోట్‌బుక్కులు ముప్పైకి పైగా ఉన్నాయి. ప్రతి పేజీ మీదా తారీఖు ఉంటుంది. తండ్రి అలవాటు.

రత్నాకర్ వచ్చినప్పుడు ఆమె పంతొమ్మిదో నోట్‌బుక్కులో ఉంది.

అప్పుడతను బక్కగా ఉండేవాడు. డబ్బాలో అన్నం తెచ్చుకోడని తెలిసి, జిప్పోరా తన పప్పులోంచి సగం పెట్టేది. డెంగీ వైరస్ మీద అతని పని. ప్రయోగాలు బాగానే చేశాడు. రాయడం దగ్గర చేతులెత్తేశాడు.

"అక్కా, హోస్ట్ ప్రోటీన్లు ఏం జేస్తయో ఒక అధ్యాయం రాయమంటుండు మా సారు. నాకు ల్యాబ్‌ల చేసుడు వస్తది గని రాసుడు రాదు."

"రాసుడు తర్వాత. నువ్వు చేసిందేందో చెప్పు ముందుగాల."

"కణంల లా అని ఒక ప్రోటీన్ ఉంటది. దాన్ని తక్కువ చేస్తే వైరస్ కాపీలు తక్కువైనయ్."

"ఎందుకు తక్కువైనయ్?"

"తక్కువైనయ్. అంతే."

"గట్ల రాస్తే నీకు డాక్టరేట్ ఇయ్యరు. ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు పంపుతరు."

అతను నవ్వాడు. ఆమె పేపర్లు తీసుకుంది. ఎనిమిది రోజులు చదివి, తొమ్మిదో రోజు అతన్ని కిందికి తీసుకెళ్లి భూమయ్య బల్ల ముందు నిలబెట్టింది. ఒక స్టాంపు తీసి చూపించింది. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

"డెంగీ తన ఆర్‌ఎన్‌ఏను సీదా కాపీ కొట్టలేదు. ముందుగాల ఇట్ల తిరగబడ్డ ప్రతి ఒకటి చేస్కుంటది. ఇగ దాని మీదికెల్లి ఎన్నంటే అన్ని అసలు ప్రతులు. అర్థమైందా?"

"ఔ. మరి స్టాంపు గుద్దేదెవరు?"

"గుద్దే చెయ్యి వైరస్‌దే. కానీ ఆ చెయ్యి వస్తూ వస్తూ తెచ్చుకోలె. ఈడికొచ్చినంక కణం కార్ఖానాలనే చేయించుకున్నది. ఇగ చెయ్యి ఒక్కటుంటే అయితదా? కాయితం జరగకుండ పట్టుకునే వేళ్లు వద్దా? అవి కణానియి. నీ లా ప్రోటీన్ అసొంటి వేలే."

భూమయ్య తలెత్తి, "నా స్టాంపుకు డెంగీ ఉన్నదని గిరాకీ ఖరాబ్ చేయకమ్మా," అన్నాడు.

ఆ రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం జిప్పోరా ఆ అధ్యాయం షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంది. వైరస్ లేని కణంలో లా ప్రోటీన్ ఏం చేస్తుందన్న దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగింది. కేంద్రకంలో కొత్తగా తయారైన ఆర్‌ఎన్‌ఏల తోక చివర పట్టుకుని, అవి పనికొచ్చే రూపానికి వచ్చేదాకా చెడిపోకుండా కాపాడటం దాని రోజువారీ పని. డెంగీ సోకాక అది కేంద్రకంలోంచి బయటికొచ్చి వైరస్ ఆర్‌ఎన్‌ఏ కొసలను పట్టుకుంటుంది. ఆమె ఇంగ్లీషులో రాసిన వాక్యానికి అర్థం ఇది: ఈ ప్రోటీన్ కొత్త పని ఏదీ నేర్చుకోదు, తనకు తెలిసిన పనే చేస్తుంది, ఎవరికోసం అన్నది మాత్రమే మారుతుంది.

రత్నాకర్ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. "అక్కా, నీ పేరు ఫస్ట్ పేజీల పెడత," అన్నాడు. అతని ప్రయోగాల బొమ్మల్లో రెండు వరసల పేర్లు తారుమారైనట్టు పట్టుకుంది కూడా ఆమే. అవి అలాగే పోయుంటే వైవాలో నిలబడేవాడు కాదు.

కృతజ్ఞతల పేజీ ఆఖర్న వచ్చింది. గైడుకు, ల్యాబ్ మిత్రులకు, తల్లిదండ్రులకు, కాబోయే భార్యకు, ఎలుకలను చూసుకునే సిబ్బందికి, ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ సహకరించిన వారందరికీ. ఆ పేజీ కూడా జిప్పోరాయే టైపు చేసింది. చివరి లైను పక్క పేజీలోకి పోతుంటే, అంచులు కాస్త తగ్గించి ఒకే పేజీలో సరిపెట్టింది.

*

సాయిచైతన్య పోయినేడు వచ్చాడు. గైడు సారే పంపాడన్నాడు. అతనిదీ డెంగీయే, లా ప్రోటీన్‌తో పాటు ఇంకో రెండు హోస్ట్ ప్రోటీన్లు. పెన్‌డ్రైవ్‌లో పట్టికలు, బొమ్మలు ఉన్నాయి. రెండో అధ్యాయం చోట ఖాళీ.

"ఇది ఎవరు రాస్తరు బాబూ?"

"సార్ చెప్పిన్రు ఆంటీ, మీరు చూస్కుంటరని."

జిప్పోరా పంతొమ్మిదో నోట్‌బుక్కు తీసి స్టాండుకు ఆనించింది. పాత ఫైలు ఆమె దగ్గర లేదు. ఆ కంప్యూటరు పోయి తొమ్మిదేళ్లయింది. ఉన్నా తెరిచేది కాదు. ఒకరి థీసిస్ తీసి ఇంకొకరి దాంట్లో అతికించే పని ఆమె ఎప్పుడూ చేయలేదు. తన నోట్సు చూసి మూడు మధ్యాహ్నాలు టైపు చేసింది. ఈ మధ్య వచ్చిన పేపర్లు చదివి కొత్త సంగతులు చేర్చింది. మిగతాది గీతల్లో ఎలా ఉందో అలాగే వచ్చింది. షార్ట్‌హ్యాండ్‌లో ఒక గీతకు ఒక మాటే. ఎన్నేళ్ల తర్వాత చదివినా అదే మాట, అదే వరస. అవి తన మాటలే కదా అనుకుంది. ఒకసారి ఇచ్చేసిన మాటలు తనవి కావని ఆమెకు తట్టలేదు.

యూనివర్సిటీ ఆ ఏడే పాత థీసిస్‌లన్నీ స్కాన్ చేసి, పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. సాయిచైతన్య రెండో అధ్యాయంలో పదకొండు పేజీలు ఎర్రగా వచ్చాయి. పక్కన మూలం రత్నాకర్ అని ఉంది. కమిటీ ఇద్దర్నీ సంజాయిషీ అడిగింది. విద్యార్థి దొంగిలించాడంటే అతని రిజిస్ట్రేషన్ పోతుంది. గైడే ఇచ్చాడంటే గైడు పదవి పోతుంది. టైపింగ్ సెంటర్‌లో ఫైళ్లు కలిశాయంటే ఎవరికీ ఏమీ పోదు. ఆ అధ్యాయం తిరగరాసి మళ్లీ ఇవ్వాలి, అంతే.

అందుకే రత్నాకర్ ఉత్తరం తయారు చేసుకుని, సాయిచైతన్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఫైలు కలిసిందని రాసిన్రు. ఫైలే లేదు సార్," అంది జిప్పోరా. "నా నోట్‌బుక్కు చూసి కొట్టిన."

ఆయన ముఖం మారింది. "ఏం నోట్‌బుక్కు?"

ఆమె తీసి ఇచ్చింది. ఆయన పది పేజీలు తిప్పాడు. వెనక నిలబడ్డ సాయిచైతన్య తొంగి చూశాడు.

"ఏంది ఇది, కోడిగీతలు?" అన్నాడు రత్నాకర్.

"షార్ట్‌హ్యాండ్ సార్."

"దీన్ని ఎవరన్న చదువుతరా?"

"నేను చదువుత."

"మీరు గాక."

జిప్పోరా ఆలోచించింది. ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. నేర్పిన మాస్టారు లేరు. తనతో నేర్చుకున్నవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. "ఎవరు లేరేమో," అంది.

"మంచిదాయె," అన్నాడు ఆయన. నోట్‌బుక్కు మూసి బల్ల మీద పెట్టాడు.

"అందుల తారీఖులున్నయ్ సార్. మీ థీసిస్ కంటె ముందటియి."

ఆయన నోట్‌బుక్కు మళ్లీ తెరిచి తారీఖు చూశాడు.

"అంటే? కమిటీ ముందట వడి రత్నాకర్ థీసిస్ నేనే రాసిన అని చెప్తరా?"

"నేను గట్ల అన్ననా?"

"చెప్పుండ్రి. నా నౌకరీ పోతది. ఈ పిల్లగాని ఐదేండ్లు పోతయ్. మీకేమొస్తది?"

ఏమొస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. "నాకేం వద్దు. మూడు మాటలకు సంతకం పెడత. నాలుగోది తీసెయ్యుండ్రి."

"ఎట్ల తీస్త అక్కా? సబ్జెక్టు తెలిసిన మనిషి పదకొండు పేజీలు కలిసిపోతుంటే చూస్కోలేదంటే ఎవడు నమ్ముతడు? తెల్వదు కాబట్టే కలిపింది. అట్లుంటేనే కథ నిలవడతది."

గోపాలరావు అప్పటిదాకా లామినేషన్ మిషను దగ్గర ఊరికే నిలబడి వింటున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, డెబ్భై దాటిన మనిషి. దగ్గరికొచ్చాడు.

"చూడమ్మా జిప్పోరా. టైపిస్టుకి సబ్జెక్టు తెలీదంటే అందులో నామోషీ ఏముంది చెప్పు? నాకు తెలుసా? తెలీకుండానే ఇన్నేళ్లు షాపు నడపలేదూ? ఈ షాపులో థీసిస్‌లు రాసి పెడతారని ఆ కమిటీ చెవిన పడిందనుకో, రేపీపాటికి మన బోర్డుండదు. నువ్వుండవు, నేనుండను."

"రేపు చెప్త సార్," అంది జిప్పోరా. ఎవరికి చెప్పిందో ఇద్దరికీ అర్థం కాలేదు.

*

నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల్లో అక్కాచెల్లెళ్లు ఉంటారు. సాయంత్రం మాబెల్ డ్యూటీ దిగి వచ్చి వెల్లుల్లి ఒలుస్తూ అంతా విన్నది.

"సంతోషపడు. ఇన్నేండ్లకు యూనివర్సిటీ కాయితంల నీ పేరెక్కుతున్నది."

"నువ్వు సప్పుడు చెయ్యకు."

"నేననేది అదే. నువ్వే సప్పుడు చెయ్యలె. ఆనాడు పేజీల పేరు లేనప్పుడు అడగలె. నా పప్పు తిని పోయినవ్ కదరా అని ఒక్క మాటన్న అనలె."

"అడిగి పెట్టిచ్చుకుంటే అదేం పేరు?"

"మరిప్పుడు అడుగుతున్నవ్ కదా, తీసెయ్యుమని."

జిప్పోరా ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు గిన్నెలోకి తీసింది. కాసేపటికి మాబెల్ గొంతు తగ్గించింది. "తెల్వదని రాస్తే నీ తెలివి ఏడికన్న పోతదా?"

"పోదు."

"మరింకేంది?"

"నాయిన ఉంటే ఆ కాయితం చూపియ్యకపోదును."

మాబెల్ వెల్లుల్లి పొట్టు ఊదేసి లేచింది. పిల్లగాని వయసెంత అని వంటింట్లోంచి అడిగింది. ఇరవై ఎనిమిది అని జిప్పోరా చెప్పింది. తల్లి గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో ఊడుస్తుందని కూడా చెప్పింది. అది చెప్పాక ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

*

మర్నాడు పదకొండింటికి రత్నాకర్, సాయిచైతన్య వచ్చారు. ఉత్తరం సెంటరు పేరు అచ్చేసిన కాగితం మీద ఉండాలని కమిటీ వాళ్లు చెప్పారట. జిప్పోరా కంప్యూటరు ముందు కూర్చుని ఎదురుగా ఆయన తెచ్చిన ప్రతి పెట్టుకుని టైపు చేసింది. నాలుగు వాక్యాలూ చేసింది. తలుపు దగ్గరే నిలబడి సంతకం పెడతావా పెట్టవా అని అడుగుదామని సిద్ధపడిన గోపాలరావు, ప్రింటరులో కాగితం సర్దసాగాడు.

రత్నాకర్ ప్రింటు తీసుకుని చదివాడు. రెండోసారి చదివాడు.

"అక్కా, ఇది నేను రాసినట్టు లేదు."

"మూడు తప్పులున్నయ్ సార్ మీ దాంట్ల. దిద్దిన."

చెయ్యి తనంతట తాను దిద్దింది. టైపు చేస్తున్నప్పుడు ఆమె గమనించను కూడా లేదు.

ఆయన కాగితం వైపు చూస్తూ, "తప్పులుండనియ్యుండ్రి," అన్నాడు. "టైపిస్టు రాసినట్టే ఉండాలె. ఇంత మంచి ఇంగ్లీషు చూస్తే అనుమానమొస్తది."

సాయిచైతన్య కిటికీ వైపు తిరిగాడు.

జిప్పోరా మళ్లీ కూర్చుంది. తప్పులు చేయడానికి దిద్దడం కంటే ఎక్కువసేపు పట్టింది. పాత ప్రతి చూసి ఒక్కొక్కటీ వెతుక్కుని, ఎక్కడున్నది అక్కడ పెట్టింది. మూడోది నాలుగో వాక్యంలోనే ఉంది. ప్రింటు తీసి, కింద పేరు రాసి సంతకం పెట్టింది. గోపాలరావు సెంటరు స్టాంపు గుద్దాడు. స్టాంపు భూమయ్య చేసిందే.

"థాంక్సక్కా," అన్నాడు రత్నాకర్. "మీ సాయం మర్చిపోను." కాగితం ఫైల్లో పెట్టుకుని, బండి రోడ్డు మీద పెట్టానంటూ మెట్లు దిగిపోయాడు.

సాయిచైతన్య దిగలేదు. తలుపు దగ్గర నిలబడి బ్యాగు పట్టీ సవరించుకున్నాడు.

"సారీ ఆంటీ."

ఆమె తలూపింది.

"ఆంటీ, ఒక్క డౌట్. ఇప్పుడు చాప్టర్ నేనే రాయాలంట. వైవాల కూడా దాని మీదనే అడుగుతరంట. వైరస్ రాకముందు లా ప్రోటీన్ కణంల ఉత్తగ ఏం చేస్తుంటది? పుస్తకంల చదివిన గని ఎక్కుతలేదు. మీరు సార్‌కు ఏదో స్టాంపు చూపెట్టి చెప్పిన్రంట కదా."

జిప్పోరా పంతొమ్మిదో నోట్‌బుక్కు చేతిలోకి తీసుకుంది. అతను రెండడుగులు ముందుకేశాడు. ఆమె దాన్ని కింద డ్రాయరులో పెట్టి మూసింది.

"నాకు సబ్జెక్టు తెల్వదు బాబూ. రాసిచ్చిన కదా."

"ఊకోండి ఆంటీ," అని నవ్వాడు. ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. కింద హారన్ మోగింది. ఇంకోసారి మోగింది. అతను ఆమె ముఖంలోకి చూసి, దిగిపోయాడు.

పన్నెండు దాటాక ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. గుండెలకు అదుముకున్న ఫైలులోంచి జెరాక్సులు బయటికి వస్తున్నాయి. పై కాగితం మీద ఏదో కణం బొమ్మ.

"మేడమ్, ఇక్కడ థీసిస్ వర్క్ చేస్తారా?"

గోపాలరావు జిప్పోరా వైపు చూశాడు. ఆమె కుర్చీ జరపలేదు.

"ఎన్ని పేజీలు?" అని అడిగింది.